కార్డన్ బ్లూ ఫించ్‌లు: బుగ్గ మచ్చ లేకపోతే ఆడదేనా?

కార్డన్ బ్లూలు ఇళ్లలో పెంచుకునే చిన్న నీలి పిట్టలు, పుట్టిల్లు ఆఫ్రికా. వాటిలో రెడ్ చీక్డ్ (ఎర్ర బుగ్గలది), బ్లూ క్యాప్డ్ (నీలి తలది) అనే రెండు జాతుల మీద ఉన్న అపోహలివి.

అపోహ: బుగ్గ మీద ఎర్ర మచ్చ ఉంటే మగ, లేకపోతే ఆడ.

ఇందులో సగమే నిజం. రెడ్ చీక్డ్ కార్డన్ బ్లూలో మచ్చ ఉన్నది మగదే. లేనిది ఆడదైనా కావచ్చు, ఇంకా ఈకలు మార్చుకోని మగ పిల్లయినా కావచ్చు. ముక్కు నల్లగా ఉంటే అది పిల్లే, కొన్నాళ్లు ఆగండి. బ్లూ క్యాప్డ్ జాతిలో మగదానికి కూడా మచ్చ ఉండదు. తలంతా నీలంగా ఉండటమే దాని గుర్తు. అసలు చిక్కు ఆడపక్షులతో. రెండు జాతుల్లోనూ వాటి నడినెత్తి గోధుమరంగే. బ్లూ క్యాప్డ్ ఆడదాని నీలం కాస్త మెరుపుగా, ముక్కు మరింత ఎర్రగా ఉంటుంది. ఇది చూడక కలిపి ఉంచితే సంకర పిల్లలు పుడతాయి.

అపోహ: శాస్త్రీయ నామంలో ‘బెంగాలస్’ ఉంది కాబట్టి ఇది మన దేశపు పిట్ట.

అది రెడ్ చీక్డ్‌కు 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పొరపాటున పెట్టిన పేరు. రెడ్ చీక్డ్ సెనెగల్ నుంచి ఇథియోపియా, కెన్యాల దాకా ఉంటుంది. బ్లూ క్యాప్డ్ తూర్పు ఆఫ్రికా మెట్టప్రాంతాల ముళ్లపొదలకే పరిమితం. మన జీనువాయిలకు రెండూ దూరపు చుట్టాలు, అంతే.

అపోహ: కొర్రలు, నీళ్లు పెడితే చాలు.

పెద్దవి కొన్నాళ్లు నెట్టుకొస్తాయి, పిల్లలు మాత్రం బతకవు. గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు గూడు వదలడానికి మరో మూడు వారాలు పడుతుంది. పిల్లలు పుట్టిన మొదటి పది రోజులూ పురుగులు అందుతూనే ఉండాలి. పొద్దున ఒక్కసారే గిన్నె నింపితే మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది. అప్పుడు పెద్దవి పిల్లల్ని గూట్లోంచి బయట పడేస్తాయి. ‘తల్లి మంచిది కాదు’ అని జోడీ మార్చేస్తుంటారు గానీ, తప్పు గిన్నెది. రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా చెదపురుగులు వేయండి. మందు కొట్టిన చోటివి మాత్రం వద్దు. అవి దొరక్కపోతే అప్పుడే కుబుసం విడిచిన తెల్లటి మీల్‌వార్మ్‌లు (పక్షుల మేతకు అమ్మే పిండిపురుగులు) వేయవచ్చు. మొలకెత్తిన కొర్రలు, ఉడికించిన గుడ్డు మంచివే. ఎండాకాలంలో పెట్టిన రెండు గంటల్లోనే తీసేయాలి, పులుస్తాయి. సున్నం కోసం సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ఎప్పుడూ ఉండాలి. లేకపోతే ఆడదానికి గుడ్డు లోపలే ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది.

అపోహ: నాట్యం చేసేది మగదే.

ముక్కున గడ్డిపరక పట్టుకుని రెండూ ఆడతాయి, రెండూ పాడతాయి. బ్లూ క్యాప్డ్ అయితే గెంతుల మధ్య కొమ్మను కాళ్లతో టకటకా కొడుతుంది. కంటికి అందని ఆ వేగాన్ని 2015లో హైస్పీడ్ కెమెరాతో పట్టుకున్నారు.

అపోహ: చిన్న పిట్టలే కదా, రెండు జోడీలు ఒకేచోట ఉంటాయి.

గూడు కట్టే రోజుల్లో మరో నీలి పిట్ట కనబడితే మగది వదలకుండా తరుముతుంది. ఒక ఏవియరీకి (పక్షులు ఎగిరేంత పెద్ద పంజరానికి) ఒకే జోడీ.