సాల్వేజ్ నౌక చూసిన వేడి మడుగులు

ఇసుకలో కూరుకుపోయిన ఓడను లాగాలి. మంటలంటుకున్న ఓడ మీదికి నీళ్లు కొట్టాలి. మునిగిపోతున్న దాని దగ్గరికి డైవర్లను దింపాలి. ఇందుకోసమే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం సాల్వేజ్ నౌకలు కట్టించుకుంది. 1943లో కాలిఫోర్నియాలోని నాపాలో జలప్రవేశం చేసిన 65 మీటర్ల 'చైన్' వాటిలో ఒకటి.

1958 నుంచి దీన్ని అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ నడిపింది. నా దృష్టిలో ఇంతకంటే మంచి ఎంపిక లేదు. బరువులెత్తే సరంజామా, కేబుల్‌ను చుట్టి లాగే బలమైన వించ్‌లు దీంట్లో ముందే ఉన్నాయి. పైగా ఇది డీజిల్-ఎలక్ట్రిక్: డీజిల్ ఇంజిన్లు కరెంటు పుట్టిస్తే, ప్రొపెల్లర్లను తిప్పేది మోటార్లే కాబట్టి ఎంత నెమ్మదిగానైనా నడపొచ్చు. కిలోమీటర్ల కొద్దీ కేబుల్ కిందికి వేలాడుతున్నప్పుడు కావలసింది ఆ నిలకడే.

1966లో చైన్ ఎర్ర సముద్రం నడిమికి, జెడ్డాకు దాదాపు పడమరగా ఉన్న చోటికి వెళ్లింది. అక్కడ సుమారు 2,000 మీటర్ల లోతున వేడి ఉప్పునీటి మడుగులున్నాయని బ్రిటిష్ నౌక డిస్కవరీ, వుడ్స్ హోల్ వారిదే అయిన అట్లాంటిస్-2 అప్పటికే చెప్పాయి. వాటిని తీరిగ్గా శోధించే పని చైన్‌కు దక్కింది.

శబ్దం పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు కొలిచే ఎకో సౌండర్ కాగితం మీద ఒక గీత పడాల్సిన చోట రెండు పడ్డాయి. కింది గీత నిజమైన అడుగు. పై గీత మాత్రం నీళ్లదే! మామూలు సముద్రపు నీటి కింద అంతకు ఏడు రెట్లు ఉప్పున్న నీరు పరుచుకుని ఉంది. ఆ రెండూ కలిసే హద్దు దగ్గర కూడా కొంత శబ్దం తిరిగొచ్చింది. అడుగు నీటి వేడి 56 డిగ్రీలు. వేడి నీరు పైకి రావాలి కదా? ఉప్పు బరువు దాన్ని రానివ్వదు.

పగుళ్లలోంచి దిగిన సముద్రపు నీరు పాత ఉప్పు పొరలను కరిగించుకుని, అగ్నిశిలల వేడికి కాగి, వాటిలోని లోహాలను లాక్కుని బయటికొస్తుంది. ఆ లోహాలే మడుగు అడుగున బురదగా పేరుకుంటాయి. గొట్టాలు దింపి తీసిన ఆ బురదలో ఎరుపు, నలుపు, పసుపు, తెలుపు పొరలు కనిపించాయి: ఇనుము, మాంగనీసు, జింకు, రాగి ఉన్న పొరలు. అక్కడి ఒక మడుగుకు చైన్ పేరే పెట్టారు.

1975లో చైన్ పరిశోధన నుంచి తప్పుకుంది. 1979లో ఆ లోహపు బురదను పంపులతో మరో ఓడ పైకి తోడి చూశారు.