డబ్బు లెక్కలకు ఏ డేటాటైప్? కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: డబుల్‌లో (ప్రోగ్రాముల్లో దశాంశ సంఖ్యలు దాచే డేటాటైప్, అంటే విలువ రకం) 15 అంకెల దాకా కచ్చితత్వం ఉంటుంది, బిల్లింగ్‌కి అది చాలు.

వాస్తవం: ఇబ్బంది అంకెల సంఖ్యతో కాదు. డబుల్ విలువను బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే, దాస్తుంది. 10 పైసలను, అంటే 0.10ని, బైనరీలో ఉన్నదున్నట్టు రాయడం కుదరదు. రూపాయి లోపు 1 నుంచి 99 పైసల దాకా చూస్తే కచ్చితంగా ఇమిడేవి 25, 50, 75 మాత్రమే. అందుకే 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. గ్రాఫులకూ అంచనాలకూ డబుల్ భేషుగ్గా పనికొస్తుంది, లెడ్జర్‌కి మాత్రం వద్దు.

అపోహ: చివర్లో రౌండ్ చేస్తే అంతా సర్దుకుంటుంది.

వాస్తవం: పైథాన్‌లో 2.675ని రెండు దశాంశాలకు రౌండ్ చేసి చూడండి. 2.67 వస్తుంది. లోపల ఉన్న విలువ 2.675 కంటే వెంట్రుకవాసి తక్కువ మరి. ఈ సంగతి ఆడిటర్‌కి చెప్పి ఒప్పించగలిగితే మీకో దండం.

అపోహ: బిగ్‌డెసిమల్ (జావా భాషలో దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే టైపు) వాడితే టెన్షన్ ఉండదు.

వాస్తవం: జావాలో దానికి 0.1ని డబుల్‌గా అందిస్తే 0.1000000000000000055… అని ఆ చెత్తంతా లోపలికి వచ్చేస్తుంది. స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల రూపంలోనే, ఇవ్వాలి. సమానమా అని చూసే ఈక్వల్స్‌తో పోల్చితే 2.0, 2.00 వేరువేరు అంటుంది, కాబట్టి విలువను మాత్రమే చూసే కంపేర్‌టు వాడండి.

ఇవన్నీ సరిచేసినా అసలు పేచీ మిగిలే ఉంటుంది. 10.50 రూపాయల వస్తువుపై 18 శాతం జీఎస్టీ 1.89. దాన్నే కేంద్రం వాటా సీజీఎస్టీ 9 శాతం, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 9 శాతంగా విడగొడితే ఒక్కోటి 0.945. రెండూ 0.95కి పెరిగి మొత్తం 1.90 అవుతుంది. ఆ పైసా ఎటు పోవాలో ఏ డేటాటైపూ తేల్చదు. లైను లైనుకీ రౌండ్ చేయాలా, బిల్లు మొత్తానికి ఒకేసారి చేయాలా అన్నది కోడ్ మొదలుపెట్టకముందే అకౌంట్స్ వాళ్లను అడిగి స్పెక్‌లో (ప్రోగ్రాం ఎలా పనిచేయాలో చెప్పే పత్రంలో) రాయించుకోండి.

అపోహ: పైసల్లో పూర్ణాంకంగా దాచేస్తే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: పద్ధతి మంచిదే. కానీ 32 బిట్ల ఇంట్‌లో (పూర్ణాంకాలు దాచే టైపు) పట్టేది 2,14,74,836 రూపాయల 47 పైసలే, అందుకని 64 బిట్లు తీసుకోండి. ఇంకోటి, వందతో గుణించడం అన్ని కరెన్సీలకూ కుదరదు. కువైట్ నుంచి కడపకు డబ్బు పంపే యాప్ రాస్తున్నారనుకోండి, దినార్‌కి 1000 ఫిల్స్. జపాన్ యెన్‌కి దశాంశాలే వాడరు.

అపోహ: పాత ప్రోగ్రామింగ్ భాష కోబాల్‌లో రాసిన ప్రోగ్రాంని జావాకి మారిస్తే లెక్కలు వాటంతటవే సరిపోతాయి.

వాస్తవం: కోబాల్‌లో రౌండెడ్ అని రాయకపోతే ఫీల్డులో పట్టని దశాంశాలను మామూలుగా కత్తిరించేస్తుంది. జావాలో అలవాటుగా హాఫ్‌అప్ (సగం, ఆపైన ఉంటే పైకి రౌండ్ చేయడం) పెడితే పాత రిపోర్టుతో టాలీ కాదు. అక్కడ మిగిలిన దశాంశాలను కత్తిరించే డౌన్ మోడ్ పెట్టాలి.