గాలికి కట్టే సుంకం

టెక్సాస్‌లో ఉండే మా బాబాయి కొడుకు ఆదివారం పూట తూటాలు నింపుకుంటాడు. పేల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, కొత్త క్యాప్ పెట్టి, మందు తూచి పోసి, పైన బుల్లెట్ బిగిస్తాడు. అక్కడ దీన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు, చాలామందికి అదో కాలక్షేపం. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. కాబట్టి చెన్నైలో కూర్చుని నేను చేయగలిగింది వాడు చెప్పేది ఫోన్లో వినడమే. మొన్న వాడు, "అన్నయ్యా, ఈ బుల్లెట్ బీసీ 0.462" అన్నాడు. బీసీ అంటే మనకు ముందు తట్టేది వేరు. వాడు చెప్పింది బాలిస్టిక్ కోఎఫిషెంట్ గురించి, అంటే గాలి అడ్డుకు తట్టుకుని బుల్లెట్ తన వేగాన్ని ఎంత బాగా నిలుపుకుంటుందో చెప్పే అంకె.

మేడ మీద క్రికెట్ ఆడినవాళ్లకు ఈ సంగతి పేరు తెలియకపోయినా చేతికి తెలుసు. టెన్నిస్ బంతిని ఎంత బలంగా విసిరినా కాస్త దూరం పోగానే ఊపు చచ్చిపోతుంది. క్రికెట్ బంతి అలా కాదు, అదే విసురుకి పక్క వీధిలో పడి తిట్లు తెస్తుంది. రెండూ సైజులో దగ్గరదగ్గరే. కానీ టెన్నిస్ బంతి సుమారు 58 గ్రాములు, క్రికెట్ బంతి 160. గాలికి ఎదురయ్యే వెడల్పు ఒకటే అయితే, బరువున్నదే ఊపు నిలుపుకుంటుంది. బీసీ లెక్కలో మొదటి సగం ఇదే: బరువును వ్యాసం వర్గంతో భాగించడం. రెండో సగం ఆకారం.

వాడి బుల్లెట్ బరువు 168 గ్రెయిన్లు, అంటే 10.9 గ్రాములు. వ్యాసం 0.308 అంగుళం. పౌండ్లూ అంగుళాల్లో భాగిస్తే 0.253 వస్తుంది. మరి 0.462 ఎక్కడిది? పోల్చుకోవడానికి జీ1 అనే నమూనా బుల్లెట్ ఒకటి ఉంది: అంగుళం వ్యాసం, పౌండు బరువు, వెనక చదునుగా ఉండే పాతకాలపు ఆకారం. దాని బీసీ 1. మావాడి బుల్లెట్ ముక్కు సూదిగా, తోక సన్నబడి ఉంటుంది కాబట్టి, జీ1 ఆకారానికి తగిలే గాలి దెబ్బలో 55 శాతమే దీనికి తగులుతుంది. 0.253ని 0.55తో భాగించండి, లెక్క సరిపోతుంది.

అదే బుల్లెట్‌ని జీ7 అనే పొడుగాటి నమూనాతో పోలిస్తే బీసీ సగానికి పడిపోతుంది. బుల్లెట్ మారలేదు, పరీక్ష పెట్టిన బోర్డు మారింది. స్టేట్ బోర్డు మార్కులూ సీబీఎస్‌ఈ మార్కులూ పక్కపక్కన పెట్టి పిల్లల్ని పోల్చే చుట్టాలు మనకు తెలియనివాళ్లా? ఈ కాలపు బుల్లెట్లకు జీ7 బాగా నప్పుతుంది. అయినా పెట్టెల మీద ఎక్కువగా కనిపించేది జీ1 అంకే. అది పెద్ద అంకె కావడమే కారణమని నా అనుమానం.

ఈ లెక్కలకు పునాది వేసినాయనకు మా ఊరితో సంబంధం ఉంది. ఆయన బెంజమిన్ రాబిన్స్. బరువైన గుండుకు గాలి పెద్ద అడ్డు కాదని చాలామంది అనుకునే రోజుల్లో, 1742లో, వేలాడదీసిన బరువైన చెక్క దిమ్మెలోకి తుపాకీ పేల్చి, దిమ్మె ఎంత ఊగిందో చూసి గుండు వేగం లెక్కకట్టాడు. దూరం మార్చి పేలిస్తే దారిలో ఎంత వేగం పోయిందో తెలిసిపోయింది. సెకనుకు 1700 అడుగుల వేగంతో 45 డిగ్రీల కోణంలో పేలిస్తే, గాలే లేకపోతే గుండు 17 మైళ్లు పోవాలి. నిజంగా ఒక మైలు కూడా పోదు. శబ్ద వేగం దగ్గర గాలి అడ్డు ఒక్కసారిగా పెరుగుతుందని గమనించిందీ ఆయనే. ఈస్టిండియా కంపెనీ ఇంజినీర్ జనరల్‌గా పంపితే ఆయన 1750లో ఇక్కడికి చేరాడు. మద్రాసు కోట రక్షణ ఏర్పాట్ల పనిలో ఉండగానే జ్వరం పట్టుకుంది. 1751లో, కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో పోయాడు. అప్పటికి 44 ఏళ్లు.

ఇప్పుడు అసలు విషయం, పక్కగాలి. బుల్లెట్ ఎంతసేపు గాల్లో ఉంటే అంత పక్కకు పోతుందని నేనూ అనుకునేవాణ్ని. అది నిజం కాదు. నిటారుగా పడే వాన బైకు మీద పోయేవాడి మొహానికి ఏటవాలుగా కొడుతుంది కదా, బుల్లెట్‌కి పక్కగాలి కూడా అలాగే ఏటవాలు ఎదురుగాలి అవుతుంది. అది ముక్కును అటు తిప్పుకుంటుంది. వెనక్కి లాగే బలమే కొంచెం పక్కకీ లాగుతుంది. అందుకే లెక్కలోకి వచ్చేది మొత్తం సమయం కాదు, గాలి వల్ల అయిన ఆలస్యం మాత్రమే. మావాడి బుల్లెట్ సెకనుకు 808 మీటర్లతో బయల్దేరుతుంది. గాలి లేకపోతే 1000 గజాలకు 1.13 సెకన్లు చాలు, కానీ దాదాపు 1.7 పడుతుంది. ఆలస్యం 0.57 సెకన్లు. సెకనుకు 4 మీటర్ల పక్కగాలి ఉంటే, 4ను 0.57తో గుణించండి: రెండు మీటర్ల పైనే తప్పుతుంది.

దీనివల్ల ఒక వింత జరుగుతుంది. పాయింట్ 22 రైఫిల్లో శబ్దం కంటే వేగంగా పోయే రకం తూటా, నెమ్మది రకం కంటే 100 గజాల దగ్గర పక్కగాలికి ఎక్కువ జరుగుతుంది. ముందు చేరేది అదే, ఎక్కువ తప్పేదీ అదే! శబ్ద వేగం దగ్గర కట్టే సుంకం అంత భారీగా ఉంటుంది.

గాలి కూడా ఊరికో రకం. 920 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో గాలి మా చెన్నై గాలి కంటే ఎనిమిది తొమ్మిది శాతం పల్చన. అదే బుల్లెట్‌కి అక్కడ బీసీ అంతమేర పెరిగినట్టే. చిన్నస్వామి స్టేడియం సిక్సర్లలో చిన్న బౌండరీలతో పాటు దీనికీ కాస్త వాటా ఉంది. మా ఉక్కపోత గాలి బరువుగా అనిపిస్తుంది కానీ, నీటి ఆవిరి పొడిగాలి కంటే తేలిక. చెమట మనకే, బుల్లెట్‌కి కాదు.

మరి ఇంట్లో కూర్చుని ఒక్కో తూటా తూచి నింపడం ఎందుకు? వేగం ఒకేలా ఉండటానికి. సెకనుకు 10 మీటర్ల తేడా వస్తే 100 గజాల దగ్గర మిల్లీమీటరో రెండో తేడా, ఎవరికీ కనబడదు. 1000 గజాలకు అది జానెడు దాటుతుంది. బుల్లెట్ మొత్తం పది మీటర్లకు పైగా కిందికి దిగిపోయే దూరం అది. అక్కడికి చేరేసరికి దాని వేగం శబ్ద వేగం దగ్గరికి వచ్చేస్తుంది. ఆ గీటు దాటేటప్పుడు ఈ 168 గ్రెయిన్ల రకం తడబడుతుందని పేరు.

పోయిన ఆదివారం మావాడు అన్నీ సరిచూసుకుని వెళ్లాడు. తూకం బాగుంది, వేగం బాగుంది. తను పడుకున్న చోట జెండా కుడికి ఊగింది, దాని ప్రకారం సర్దుకుని పేల్చాడు. సగం దూరంలో గాలి ఎడమకి తిరిగి ఉందట. బుల్లెట్ గురి బోర్డు పక్క మట్టిలో దిగింది.