పని పోయాక చదువు ఖర్చు ఎవరిది?

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించింది. అందరి అనుమానం ఏఐ మీదే. కంపెనీ మాత్రం కారణం అది కాదంది, కొత్త పనులకు సరిపడే నైపుణ్యం కొందరికి లేదంది. మరి ఆ నైపుణ్యం నేర్పే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఈ పంచాయితీ పాతదే.

1962లో అమెరికా ఒకే ఏడాది రెండు చట్టాలు చేసింది. యంత్రాలొచ్చి పని పోయినవాళ్లకు సర్కారు ఖర్చుతో శిక్షణ ఇప్పించేది ఒకటి, దిగుమతుల దెబ్బకు రోడ్డున పడ్డవాళ్లను ఆదుకునేది ఇంకొకటి. ఈ రెండోదాని కింద మొదటి బ్యాచ్ కార్మికులకు సాయం మంజూరయ్యేసరికి 1969 వచ్చింది. పని పోయింది దిగుమతుల వల్లేనని తేల్చాలి మరి! 2022లో గడువు తీరాక కొత్తవాళ్లకు ఆ దారీ మూసుకుపోయింది. సింగపూర్ ఇంత చర్చ పెట్టుకోలేదు. 1979 నుంచే యజమానుల దగ్గర శిక్షణ కోసం పన్ను వసూలు చేస్తోంది.

మన దగ్గర ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక, 1992లో కేంద్రం నేషనల్ రెన్యూవల్ ఫండ్ పెట్టింది. కార్మికులకు కొత్త పని నేర్పించడం దాని లక్ష్యాల్లో ఒకటి. కానీ డబ్బులో సింహభాగం ప్రభుత్వరంగ సంస్థల వీఆర్ఎస్‌లకే (స్వచ్ఛంద పదవీ విరమణలకే) పోయింది. చెక్కు రాసిచ్చి పంపడం తేలిక, నలభై అయిదేళ్ల మనిషికి కొత్త పని నేర్పడం కష్టం.

ప్రైవేటు ఉద్యోగికి ఆ మాత్రం కూడా లేకపోయింది. హైదరాబాద్‌లో ఆ ఖాళీని పూరించింది అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల ఫ్లెక్సీల మీద ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్స్, తర్వాత జావా, టెస్టింగ్, డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. డెమో క్లాసు ఫ్రీ. ఆ తర్వాత ఫీజు, హాస్టల్, మెస్సు అన్నీ నేర్చుకునేవాళ్ల జేబులోంచే. ఐటీ కంపెనీలకు తయారైన మనుషులు దొరికారు, బిల్లు ఇళ్లకు వెళ్లింది.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్, మొదటిసారి ఈ బిల్లులో కొంత యజమాని మీద వేసింది. ఉద్యోగిని రిట్రెంచ్ చేస్తే, అంటే తప్పేమీ లేకున్నా యజమానే పనిలోంచి తీసేస్తే, ఆఖరి జీతం లెక్కన 15 రోజుల వేతనం రీస్కిల్లింగ్ ఫండ్‌కు కట్టాలి. అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. విడిగా ఇచ్చే నష్టపరిహారం సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల చొప్పున పెరుగుతుంది గానీ ఇది పెరగదు. నెలకు 30 వేల వేతనం ఉన్నవారికి సర్వీసు ఏడాదైనా పదేళ్లయినా వచ్చేది సుమారు 15 వేలే. దాంతో కోర్సే చేయాలన్న షరతు లేదు, ఇంటి అద్దెకు పోయినా అడిగేవారు లేరు.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ డబ్బు రిట్రెంచ్‌మెంట్‌కే వర్తిస్తుంది. ఐటీలో చాలామందిని తీసేయరు, హెచ్‌ఆర్ పిలిచి పేపర్లు పెట్టమంటారు. రాజీనామా మీద సంతకం పడిందంటే కాగితాల మీద అది రిట్రెంచ్‌మెంటే కాదు. పైగా ప్రధానంగా మేనేజర్ పని చేసేవాళ్లు కోడ్ ప్రకారం ‘వర్కర్’ కిందకే రారు.

ఆ 15 రోజులను ఇంకో సంఖ్యగా మార్చే అధికారం కోడ్‌లోనే కేంద్రానికి ఉంది. పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు, ఒక నోటిఫికేషన్ చాలు.