గుంపులో కణం, ఒంటరి కణం

"అమ్మకు మొదటిసారి రిటుక్సిమాబ్ ఎక్కించినప్పుడు నర్సు సెలైన్ చుక్కలను అంత నెమ్మదిగా వదిలి, మాటిమాటికీ జ్వరమూ బీపీ చూశారు. అంత భయం దేనికి?" అని కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. రిటుక్సిమాబ్ కొన్ని రక్త క్యాన్సర్లకూ కీళ్లవాతానికీ ఇచ్చే యాంటీబాడీ, అంటే శరీరంలో ఒక గురిని పట్టుకునే ప్రొటీన్ మందు. 'మందు పడలేదు' అని మనం అనే మాట ఈ ప్రొటీన్ మందుల విషయంలో అక్షరాలా నిజమవుతుంది. మందు తాకిడికి రోగనిరోధక కణాలు ఒక్కసారిగా సైటోకైన్లను, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రొటీన్లను, వెదజల్లితే వణుకుతో జ్వరం వస్తుంది, రక్తపోటు పడిపోతుంది.

దీన్ని ముందే ప్రయోగశాలలో పసిగట్టవచ్చు కదా! 2006 మార్చి 13న లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు. కోతులు ఏ ఇబ్బందీ లేకుండా భరించిన మోతాదులో అది 500వ వంతు మాత్రమే. అయినా గంటన్నరలోపే ఆరుగురూ తీవ్రంగా జబ్బుపడ్డారు. అదృష్టవశాత్తూ అందరూ బతికారు. ఆ యాంటీబాడీ పట్టుకునే సీడీ28 గ్రాహకం (కణం పైన సంకేతాలను అందుకునే అణువు), పాత శత్రువులను గుర్తుపెట్టుకునే టీ కణాలనే రోగనిరోధక కణాల్లో ఒక ముఖ్యమైన తెగ మీద మనుషులకు ఉంటుంది, ఆ కోతులకు ఉండదు.

కోతుల సంగతి సరే, మనుషులకు ఇవ్వకముందు మనిషి రక్తకణాలతో ప్రయోగశాలలో చేసిన పరీక్ష కూడా ఎందుకు మౌనంగా ఉండిపోయింది? నన్ను ఏళ్లుగా వదలని ప్రశ్న ఇది. సంక్రాంతికి ముందు రోజు సికింద్రాబాద్ స్టేషన్‌ను తలచుకోండి. భుజం భుజం ఒరుసుకునే ఆ గుంపులో ప్రతివాడూ కాళ్లు బిగబట్టి నిలబడి ఉంటాడు కనుక, ఎక్కడో చిన్న తోపు పుట్టినా అందరూ కదులుతారు. అదే మనిషి అర్ధరాత్రి ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఉంటే ఆ బిగువంతా సడలిపోతుంది. లింఫు గ్రంథుల్లో టీ కణాలు ఆ గుంపులాగే ఇరుకుగా ఉండి, పక్క కణాల హెచ్ఎల్ఏ అణువులు (కణం పైన గుర్తింపు చీటీల్లాంటి ప్రొటీన్లు) నిరంతరం తాకుతుండటంతో సగం మేల్కొనే ఉంటాయి. రక్తంలోకి వచ్చి విడివిడి కాగానే ఆ మెలకువ పోతుంది. పాఠ్యపుస్తకాల్లో కణాన్ని ఎప్పుడూ ఒంటరి వృత్తంగా గీసి చూపడం వల్ల ఈ విషయం మన పిల్లల ఊహకు అందదు. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ పరిశోధకులు రక్తకణాలను మిల్లీలీటరుకు కోటి చొప్పున కిక్కిరిసేలా రెండు రోజులు పెంచి, ఆ తరువాత టీజీఎన్1412ను చేర్చగా సైటోకైన్లు వెల్లువెత్తాయని 2011లో ప్రకటించారు.

హెచ్ఎల్ఏ రకాలు జనాన్ని బట్టి మారుతాయి. అందుకే హైదరాబాద్ శివార్లలోని మందుల పరిశోధన కేంద్రమైన జీనోమ్ వ్యాలీలో పరీక్షించే మందులకు ఇక్కడి దాతల రక్తమూ వాడాలని నా గట్టి అభిప్రాయం.

ఇక అమ్మగారి విషయం. రిటుక్సిమాబ్ బీ కణాలనే తెల్ల రక్తకణాలకు అతుక్కుని, వాటిని చంపే కణాలను రప్పిస్తుంది. మొదటిసారి బీ కణాలు పుష్కలంగా ఉంటాయి, సైటోకైన్లు ఎక్కువగా వెలువడే ప్రమాదమూ అప్పుడే కాబట్టి గంటకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఒళ్లు తట్టుకుంటే అరగంటకొకసారి వేగం పెంచుతారు. మొదటిసారి ఇబ్బంది కలగకపోతే, రెండోసారి సాధారణంగా గంటకు 100తో మొదలుపెడతారు.