చలికి తెల్లబోయే టీ ఆకు

చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో అంజీ అనే కొండ ప్రాంతం ఉంది. వెదురు అడవులకు పేరున్న చోటు. అక్కడి టీని 'అంజీ బై ఛా' అంటారు. 'బై' అంటే తెలుపు, 'ఛా' అంటే టీ. మన 'చాయ్' కూడా ఆ మాటలోంచే పుట్టింది. పేరు తెల్ల టీ అయినా ఇది అసలు సిసలు గ్రీన్ టీ. ఆకును కోసిన కాసేపటికే వేడి తగిలించి, దాన్ని నల్లబరిచే ఎంజైములను ఆపేస్తే గ్రీన్ టీ అవుతుంది. వేడి చూపకుండా వాడబెట్టి ఆరబెడితే వైట్ టీ. అంజీలో చేసేది మొదటి పనే. మరి ఆ తెలుపు ఎక్కడిది? మొక్కది.

ఈ రకం మొక్కకు చలి పడదు. వసంతంలో ఉష్ణోగ్రత సుమారు 23 డిగ్రీల లోపు ఉన్నన్నాళ్లూ లేత చిగుళ్లలో పత్రహరితం సరిగా తయారవదు. ఆకు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఎండలు ముదిరితే అదే కొమ్మ మామూలుగా పచ్చబడుతుంది. రైతు కళ్లతో చూస్తే ఇది తెగులు పట్టిన మొక్కే.

రుచి మాత్రం ఆ లోపంలోనే ఉంది. ఆహారం తయారుచేసుకునే యంత్రాంగం కుంటుపడిన ఆకులో ప్రోటీన్లు తగ్గి, వాటికి ముడిసరుకైన అమైనో ఆమ్లాలు పోగవుతాయి. మామూలు గ్రీన్ టీ ఆకు ఎండు బరువులో ఇవి 2 నుంచి 4 శాతం ఉంటే, అంజీ ఆకులో 6 శాతం దాటుతాయి. అందులో ముఖ్యమైనది థియనిన్. వేళ్లలో తయారై చిగుళ్లకు చేరే ఈ పదార్థమే పుట్టగొడుగుల చారును గుర్తుచేసే కమ్మదనాన్ని ఇస్తుంది. వగరు తెచ్చే పాలీఫినాల్స్ ఇక్కడ తక్కువ. అందుకే చేదు పెద్దగా తెలియదు.

దీని వంశవృక్షం గురించి వినిపించే కథను కాస్త జాగ్రత్తగా వినాలి. సోంగ్ వంశపు చక్రవర్తి హ్విజోంగ్ 1107 ప్రాంతంలో టీ మీద ఒక గ్రంథం రాసి, అందులో అరుదైన తెల్ల టీని మెచ్చుకున్నాడు. ఆయన టీ రుచి ఎరిగిన మనిషే. అయితే ఆనాటి రాజుగారి టీ తోటలు ఫుజియన్ అనే వేరే రాష్ట్రంలో ఉండేవి. అప్పట్లో టీని పొడి చేసి గిలకొట్టి తాగేవారు. ఆయన మెచ్చింది అంజీ మొక్కనే అనడం వ్యాపారులకు నచ్చే మాట, నాకు నమ్మకం కుదరదు.

గట్టిగా చెప్పగలిగిన చరిత్ర చాలా చిన్నది. 1980ల మొదట్లో అంజీలోని దాషీ అనే ఊరి కొండమీద ఉన్న ఒకే ఒక పాత పొద నుంచి కొమ్మలు కత్తిరించి నాటారు. గింజలతో పెంచితే తల్లి గుణం నిలుస్తుందన్న నమ్మకం లేదు. అందుకే ఆ రకం తోటలన్నీ కొమ్మల ద్వారా పెరిగినవే, ఆ ఒక్క పొదకు నకళ్లే. 2018లో అంజీలోని హ్వాంగ్‌దు గ్రామస్థులు పేద ప్రాంతాలకు ఈ టీ మొక్కలే కోటిన్నర ఇస్తామని ముందుకొచ్చారు.

కోతకు దొరికేది మార్చి చివరి నుంచి సుమారు నెల రోజులే. 80 డిగ్రీల నీళ్లు పోసి గాజు గ్లాసులో చూడండి. పాలిపోయిన ఆకులో పచ్చటి ఈనెలు తేలితే సరే. ఆకంతా పచ్చగా ఉంటే, ఎండలొచ్చాక కోసినదన్న మాట.