సముద్రంలో ప్రాణాలు కాపాడినవాళ్ళ మెడల్స్: అపోహలు - వాస్తవాలు

పాత నాణేలూ మెడల్సూ చూసి అసలో నకలో చెప్పడం నా పని. టైటానిక్ మెడల్ అంటూ ఎవరో ఒకరు వాట్సాప్‌లో ఫొటో పంపుతూనే ఉంటారు, చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

అపోహ: అది ప్రభుత్వం ఇచ్చిన సాహస పతకం.

కాదండీ. 1912 ఏప్రిల్ 15న టైటానిక్ మునిగాక లైఫ్‌బోట్లలో వణుకుతున్న ఏడొందల మందికి పైగా జనాన్ని ఎక్కించుకున్నది కార్పేథియా ఓడ. బతికి బయటపడ్డవాళ్ళే కమిటీ వేసుకుని, డబ్బు పోగేసి, ఆ ఓడ కెప్టెన్ రోస్ట్రన్ దగ్గర్నుంచి బాయిలర్లలో బొగ్గు వేసేవాళ్ళ దాకా మూడొందల పైచిలుకు మెడల్స్ న్యూయార్క్‌లో చేయించారు. పెద్ద ఆఫీసర్లకి బంగారం, చిన్న ఆఫీసర్లకి వెండి, మిగతావాళ్ళకి కంచు. అమెరికా కాంగ్రెస్ రోస్ట్రన్‌కి ఇచ్చిన బంగారు పతకం వేరే, రెండూ కలిపేయకండి. ఆ రాత్రి ఓడ అంత వేగంగా వెళ్ళిందంటే కింద పార పట్టినవాళ్ళ చలవే, అందుకే నాకు కంచుదంటేనే ఇష్టం.

అపోహ: మెడల్ చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది.

కార్పేథియా మెడల్ వెనక కెప్టెన్‌కి, ఆఫీసర్లకి, సిబ్బందికి అని అందరికీ ఒకటే రాత. ఎవరిదో తేల్చేవి దాంతోపాటు దొరికే కాగితాలే.

అపోహ: తోమితే విలువ పెరుగుతుంది.

ఒకాయన వాళ్ళ తాతగారి కంచు మెడల్ తెచ్చారు, కార్పేథియాది కాదు, వేరేది. ఏటా దసరాకి చింతపండు, ఇసుక పెట్టి పూజ సామానుతోపాటు తోమేవారట! అంచు మీద పేరు చెక్కి ఉండాలి, వేలితో తడిమితే మొదటి అక్షరం గీత మాత్రం తగిలింది. ఏం చెప్పాలో తోచలేదు.

అపోహ: ఇవి యుద్ధనౌకలవాళ్ళకే, మనకేం సంబంధం?

2015 జూన్‌లో కాకినాడ నుంచి ఒడిశా వైపు వెళ్తున్న దుర్గమ్మ అనే చేపల బోటు ఇంజిన్ చెడి, లంగరు పోయి కొట్టుకుపోయింది. తిండీ నీళ్ళూ అలలపాలైతే బోటులోని ఐసుతోనే ప్రాణం నిలుపుకున్నారు ఏడుగురు, అందులో చిన్నవాడికి 15 ఏళ్ళు, ఇంట్లోవాళ్ళు ఆశ వదిలేసుకున్నారు. గోపాల్‌పూర్ దగ్గర 25 అడుగుల అలల మధ్య సంపూర్ణ స్వరాజ్య అనే ట్యాంకర్ వాళ్ళని చూసి, మూడోసారికి గానీ పైకి తీసుకోలేకపోయింది. దాని కెప్టెన్ రాధికా మీనన్‌కి 2016లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సాహస పురస్కారం ఇచ్చింది, అది అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఆవిడది మర్చంట్ నేవీ, అంటే సరుకు ఓడలు, యుద్ధనౌకలు కాదు.

మీ ఇంట్లో ఇలాంటిదేదైనా ఉంటే తుడవకండి, రిబ్బన్ మార్చకండి, పాత సీడీసీ పుస్తకం (ఓడల్లో పనిచేసినవాళ్ళ సర్వీసు వివరాలుండే పుస్తకం), ఉత్తరాలు పారేయకండి. నాకు ఫొటో పంపేటప్పుడు ముందూ వెనకాతోపాటు అంచు కూడా తీయండి, ఫ్లాష్ లేకుండా.